మామ్మగారి చెర్రీ పూత

పార్కులో చెర్రీ చెట్టు కింద నిలబడి, దారిన పోయే తెల్లవాళ్లను ఆపి, "బాబూ, ఇది కాయ కాస్తుందా, ఉత్త పూతేనా?" అని అచ్చ తెలుగులో అడిగే మనిషిని నేను ఒక్కరినే చూశాను. విచిత్రమేమిటంటే వాళ్లు ఆగేవారు. ఆగి, ఆవిడ వేలు చూపించిన కొమ్మకేసి చూసి, "యెస్, లవ్లీ!" అని ఏదో ఒకటి చెప్పి నవ్వుతూ వెళ్లేవారు. మామ్మగారు నా వైపు తిరిగేవారు.

"ఏమంటాడే?"

"బాగుందంటున్నాడండీ."

"బాగుందని నాకూ తెలుసు. నేనడిగింది అది కాదుగా."

ఆ మామ్మగారు పోయారని ఈ మార్చిలో ఆవిడ కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను లండన్‌లో హారో వదిలి కోవెంట్రీ వచ్చి కొంతకాలమైంది. "రాత్రి భోంచేసి పడుకున్నారు, పొద్దున లేవలేదు," అంది కోడలు. ఆవిడ జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు. ఇలాంటి కబుర్లు నెమ్మదిగా, స్పష్టంగా చెప్పడం ఆవిడకు అలవాటు. "ఇంకొన్నాళ్లుంటే ఈ ఏడు పూత కూడా చూసేవారు," అంది.

ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆవిడ ముఖం కాదు, బొటనవేలి గోరు. రాలిన మొగ్గ ఏది కనబడినా వంగి తీసేవారు. ఎడమ అరచేతిలో పెట్టుకుని, ఆ గోటితో నిలువునా చీల్చి, లోపల పిందె కట్టే చోటు ఉందా లేదా అని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసేవారు. తర్వాత వాసన చూసేవారు. తర్వాత ఒక రేకు నోట్లో వేసుకునేవారు. "మామ్మగారూ, మందులు కొట్టి ఉంటారండీ," అని నేను మొత్తుకుంటే, "ఒక్క రేకుకు ఏమవుతుందంటావ్?" అని నన్నే అడిగేవారు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు ఉండేది ఆ అడగడం.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో లండన్ వచ్చి, హారోలో వాళ్లింట్లో పై గది అద్దెకు తీసుకున్నాను. కొడుకుది కూడా కంప్యూటర్ల ఉద్యోగమే. కోడలు క్లినిక్కుకి, మనవరాలు స్కూలుకి వెళ్లిపోతే పగలంతా మామ్మగారు ఒక్కరే. మొదటి రోజు నేను వాడుక ప్రకారం "ఆంటీ" అని పిలిచాను. ఆవిడ చేస్తున్న పని ఆపి నన్ను కింద నుంచి పైదాకా చూశారు.

"మీ ఊళ్లో నా వయసు ఆవిణ్ణి ఏమని పిలుస్తావ్?"

"మామ్మగారూ అంటానండీ."

"మరి ఇక్కడికొచ్చేసరికి నోరేమైనా మారిందా?"

అప్పట్నుంచి ఆవిడ నాకు మామ్మగారు. నేను ఆవిడకు "అమ్మాయ్".

నేత చీర, కింద తెల్ల మేజోళ్లు, కొడుకు వదిలేసిన నీలం స్పోర్ట్స్ బూట్లు, పైన మోకాళ్ల దాకా వచ్చే కోటు, చెవులు మూస్తూ మఫ్లరు. ఇదీ ఆవిడ పార్కు వేషం. ఆ బూట్లు వేసుకుని మనవరాలి స్కూలు ముందు బస్సు దిగితే ఆ పిల్ల సిగ్గుపడి, "నానమ్మా, ప్లీజ్, శారీ కిందికి లాగు," అనేది. ఆవిడ లాగేవారు కాదు. "తడి గడ్డిలో చీర అంచు పాడవదూ?" అనేవారు. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు గిన్నె, దానికి గుడ్డ మూట. మెడలో తాడుకు బస్సు పాసు. పెద్దవాళ్లకిచ్చే ఆ ఉచితపు పాసు చేతికొచ్చిన రోజు నుంచీ ఆవిడ ఎక్కడికైనా వెళ్లగలనని నమ్మేశారు. ఇంగ్లీషు రాదన్న సంగతి ఆవిడకు అడ్డంకిగా తోచలేదు.

నేను వచ్చిన మొదటి ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున్నే నా గది తలుపు తట్టారు.

"అమ్మాయ్, చెట్లు పూతకొచ్చాయి. వస్తావా?"

పూలు పూశాయని అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఆవిడ నోట అది పూత. వాళ్లది నూజివీడు. మామ్మగారి భర్త మామిడి తోటలు పూత మీద కొనేవారట. అంటే చెట్టు నిండా పూత ఉన్నప్పుడే తోట చూసి, ఎంత కాస్తుందో అంచనా కట్టి, బేరం కుదుర్చుకోవడం. ఆ తర్వాత కాయ కోసేదాకా ఆ తోట మంచీ చెడ్డా కొన్నవాళ్లదే. కాపలా కోసం మామ్మగారు కూడా తోటలోనే పాకలో ఉండేవారు.

ఆ ఆదివారం పార్కు బెంచీ మీద కూర్చున్నాం. ఎదురుగా గులాబీ రంగు చెట్లు వరసగా, ఆకన్నది కనబడకుండా విరగబూసి ఉన్నాయి. జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మామ్మగారు వాళ్లనీ చెట్లనీ మార్చి మార్చి చూశారు. తర్వాత అన్నారు:

"నా జన్మలో పూత చూసి నవ్విన రోజు లేదే అమ్మాయ్. మంచు పడితే భయం. గాలి లేస్తే భయం. పూతను పీల్చేసే తేనెమంచు పురుగు పడిందేమోనని తెల్లారి లేచి ఆకులు తడిమి చూసేదాన్ని. మీ మామ్మ పూత చూడ్డానికి తోటకెళ్తోందంటే, గుండె పట్టుకుని వెళ్తోందని అర్థం. ఒక ఏడు పూతంతా ఒక్క గాలివానకి నేల మీద పరుచుకుపోయింది. ఆయన ఆ పూత మీదే కూర్చున్నారు, లేవలేదు. నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లేపాను." జనం వైపు గడ్డం ఎగరేశారు. "వీళ్లను చూడు. పూత రాలుతుంటే చప్పట్లు కొడుతున్నారు! పిల్లల్ని తెచ్చి దాని కింద నిలబెడుతున్నారు! ఎందుకంటావ్?"

ఆవిడకు నా జవాబు అవసరం లేదు. ఆ ప్రశ్నతోనే ఆ ఏడంతా గడిపారు. జూన్‌లో నన్ను మళ్లీ అదే చెట్ల దగ్గరికి లాక్కెళ్లారు. కొమ్మల నిండా ఆకులే. ఒక్క కాయ లేదు. మామ్మగారు చెట్టు చుట్టూ తిరిగి, ప్రతి కొమ్మనూ కిందనుంచి పరీక్షించి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"ఇంత పూసి ఒక్కటీ కాయలేదు. దీనికి సిగ్గులేదే!" అని, పకపకా నవ్వారు. ఆవిడ అంతలా నవ్వడం అదే నేను మొదటిసారి చూడటం. "దీనికి ఏ బెంగా లేదన్నమాట. పూసిందా, అయిపోయింది. దీని పని బాగుంది."

అంతటి మామిడి అనుభవం ఉన్నా, పూత ఎప్పుడు నిండుతుందన్న విషయంలో ఆవిడ జోస్యం ఒక్కటీ ఫలించలేదు. "వచ్చే ఆదివారానికి చూడు, కొమ్మ కనపడదు," అని గట్టిగా చెప్పేవారు. ఆ ఆదివారానికి వడగళ్లు పడేవి. లేకపోతే అంతకు ముందే పూసి రాలిపోయేది. "ఈ దేశపు గాలి ఇంకా నాకు మాలిమి కాలేదు," అని గాలి మీద నెట్టేసేవారు.

జపానావిడ పరిచయమైంది రెండో ఏడు. పని రోజుల్లో మామ్మగారు ఒక్కరే పార్కుకి వెళ్లేవారు కాబట్టి ఆ కథ మొదలు నేను చూడలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"ఇవాళ పార్కులో ఒకావిడ. నా ఈడే. నీలం పట్టా పరుచుకుని చెట్టు కింద కూర్చుంది. కూర్చునే ముందు ఏం చేసిందో తెలుసా? బూట్లు విప్పి, జతగా పక్కన పెట్టింది! ఈ దేశంలో చెప్పులు విప్పి కూర్చున్న మనిషిని ఇన్నాళ్లకి చూశాను. వెళ్లి పక్కన కూర్చున్నాను."

"అడక్కుండానే?"

"నేను కూడా బూట్లు విప్పానే."

ఆ తర్వాతి ఆదివారం నేనూ వెళ్లాను. సన్నగా, చిన్నగా, తెల్ల బట్ట టోపీ పెట్టుకున్న ఆవిడ మమ్మల్ని చూడగానే మోకాళ్ల మీద ఉండి వంగి దండం పెట్టింది. మామ్మగారు రెండు చేతులూ జోడించారు. ఇక మొదలైంది. ఈవిడ తెలుగులో, ఆవిడ జపాను భాషలో. ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగేవారు, తల ఊపేవారు, మళ్లీ తమ మాట అందుకునేవారు. ఆవిడకు ఇంగ్లీషు ముక్కలు కొన్ని వచ్చు. నేను మధ్యలో దూరి ఇంగ్లీషులో ఏదో అడగబోతే మామ్మగారు విసుక్కునేవారు. "ఉండవే, మాట్లాడుకుంటున్నాం కదా!"

ఆవిడ నల్లటి ఆకులాంటి దాంట్లో చుట్టిన అన్నం ముద్ద ఒకటి ఇచ్చింది. మామ్మగారు కొరికి, నమిలి, ఒక్కసారిగా కళ్లు పెద్దవి చేశారు. ముద్ద మధ్యలో ఎర్రగా ముడుచుకున్న పండు ఒకటి ఉంది.

"అమ్మాయ్! ఊరగాయే ఇది! ఉప్పులో ఊరేసి ఎండబెట్టింది. వీళ్లు అన్నంలో కలుపుకోరు, ముద్ద మధ్యలో దాచుకుంటారు!" అని, వెంటనే స్టీలు గిన్నె మూట విప్పి, పెరుగన్నం మీద మాగాయ ముక్క పెట్టి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ తిని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ల నీళ్లు తుడుచుకుంది. ఇంకో ముక్క కోసం చెయ్యి చాపింది.

ఇంటికి వస్తూ మామ్మగారు బస్సులో చెప్పారు. "పాపం, ఆవిడ మొగుడు పోయాడే."

"మీకెలా తెలుసండీ?"

"మీ ఆయన ఏడీ అని సైగ చేశాను. పైకి చూపించింది." మామ్మగారు కూడా వేలు పైకెత్తి చూపించారు. బస్సు కప్పు దాటి ఎక్కడికో. "చూపించి, ఇలా చెయ్యి ఊపింది. వెళ్లిపోయాడని."

ఆ వసంతమంతా ఇద్దరూ కలుస్తూనే ఉన్నారు. పూత అయిపోయాక ఎవరి దారి వాళ్లది. ఒకరి ఇల్లు ఒకరికి తెలియదు, పేరు తెలియదు. మామ్మగారికి అది లోటుగా తోచలేదు. "మళ్లీ పూతకి వస్తుందిగా," అన్నారు. చెప్పినట్టే మరుసటి ఏడు చెట్లు పూయగానే నీలం పట్టా కూడా వచ్చింది.

ఆ ఏడే జరిగింది ఆ సంగతి.

నేను ఆఫీసునుంచి వచ్చేసరికి మామ్మగారు కోటు విప్పకుండా వంటింట్లో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కోడలు ఇంకా రాలేదు. మనవరాలు ముందు గదిలో టీవీ చూస్తోంది. పక్కన గిన్నె మూట విప్పనే లేదు.

"ఏమైందండీ?"

"ఆవిడ లేచి వెళ్లిపోయింది."

నెమ్మదిగా చెప్పించాను. ఇద్దరూ ఎప్పట్లాగే కూర్చున్నారట. కొమ్మ ఒకటి బాగా కిందికి వంగి ఉంది. మామ్మగారు లేచి, చిన్న రెమ్మ తుంచి, ఆవిడ టోపీ తీసి, చెవి పక్కన జుట్టులో దోపారట. అంతే. ఆవిడ ముఖం పాలిపోయిందట. రెమ్మ తీసి, రెండు చేతులతో చెట్టు మొదట్లో పెట్టి, చెట్టుకి వంగి దండం పెట్టి, పట్టా మడిచి, బూట్లు వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా బస్సు స్టాపుకి వెళ్లిపోయిందట.

"ఎందుకంటావ్?" అన్నారు. ఈసారి ఆ మాటలో ఉత్సాహం లేదు. తర్వాత తనే చెప్పుకున్నారు. "ఎందుకేమిటి. మొగుడు పోయినదాని తల్లో పువ్వు పెట్టాను. వాళ్లలో కూడా పెట్టుకోరేమో. ముందు అడగొద్దూ? బుద్ధి ఉండక్కర్లేదూ నాకు?"

"పోనీలెండి, మీరు మంచికే చేశారు కదా."

మామ్మగారు తల అడ్డంగా ఊపారు. ముందు గదికేసి ఒకసారి చూసి, గొంతు తగ్గించారు.

"మంచికి కాదే. నా స్వార్థానికి చేశాను. ఆయన పోయి ఇన్నేళ్లయింది. మా ఇంటి ముందు మల్లె పందిరి ఉండేది. రోజూ సాయంత్రం కోసి కట్టి, పక్కింటి పిల్లలకిచ్చేదాన్ని. ఎవరూ నన్ను పెట్టుకోవద్దనలేదు. పెట్టుకోమనీ అనలేదు. ఇక్కడ ఈ చెట్ల కింద కూర్చుంటే తల మీద వాటంతటవే రాలుతున్నాయి. దులుపుకుంటూ ఎన్నాళ్లని కూర్చుంటాను? ముందు ఆవిడ పెట్టుకుంటే, తర్వాత నేనూ పెట్టుకుందామనుకున్నాను. ఒక్కదాన్నీ మొదలుపెట్టడానికి ధైర్యం చాల్లేదు."

నేను ఆవిడ తలకేసి చూశాను. సన్నని తెల్ల జుట్టు, చిన్న ముడి, రెండు నల్ల పిన్నులు. రోజూ చూస్తున్న ముడే.

పూత ఉన్న మిగిలిన రోజులన్నీ మామ్మగారు పార్కుకి వెళ్లి, సాయంత్రందాకా కూర్చుని వచ్చారు. ఆవిడ రాలేదు. ఏడాది గడిచింది. మళ్లీ పూత వచ్చింది. నీలం పట్టా రాలేదు.

"ఈ ఏడు ఆవిడ ఎక్కడో ఒకచోట కూర్చుని ఉంటుంది," అన్నారు మామ్మగారు ఒక శనివారం పొద్దున. "పూత కోసం వచ్చే మనిషి చెట్టు మారుస్తుంది గానీ పూతని మానదు. నువ్వు రా. ఆవిడ ఎక్కే బస్సు నాకు తెలుసు."

అది హౌన్స్‌లో అనే పేట వైపు వెళ్లే బస్సు. లండన్‌లో పేరు తెలియని మనిషిని వెతకడమంటే నాకు నవ్వొచ్చింది, కానీ ఆవిడ అప్పటికే మఫ్లరు కట్టేసుకున్నారు. పై అంతస్తులో ముందు సీట్లో కూర్చున్నాం. దారిలో ఎక్కడ గులాబీ రంగు కనబడితే అక్కడ బెల్లు నొక్కేవారు. దిగడం, ఆ పార్కంతా తిరగడం, మళ్లీ బస్సెక్కడం. ఒకచోట చైనా పిల్లలిద్దరు చదువుకుంటూ కనిపిస్తే వాళ్ల ముందు నిలబడి, తల చుట్టూ టోపీలా చెయ్యి తిప్పి, చతికిలబడి కూర్చున్నట్టు అభినయించి, "చూశారా?" అని అడిగారు. వాళ్లు కంగారుగా లేచి ఆవిడకు చోటిచ్చారు. ఇంకోచోట ఒక తోటమాలిని ఆపి, నన్ను ఇంగ్లీషులో అడగమన్నారు. నీలం పట్టా పరుచుకునే జపాను పెద్దావిడని చూశారా అని అడిగాను. అతను చూడలేదన్నాడు. "మరి ఈ చెట్లకి కాయ కాస్తుందేమో అడుగు," అన్నారు. అంత బెంగలోనూ ఆ ప్రశ్న వదల్లేదు.

ఆ రోజు దొరకలేదు. మర్నాడు ఆదివారం మళ్లీ బయల్దేరదీశారు. కోడలు నన్ను పక్కకి పిలిచి, "దొరక్కపోతే ఏం చేస్తారో అని భయంగా ఉంది, నువ్వు కాస్త సర్దిచెప్పు," అంది. నేను సర్దిచెప్పడానికి మాటలు వెతుక్కుంటూ బస్సులో కూర్చున్నాను. ఆ హౌన్స్‌లో పేట ఇంక కాస్త దూరముందనగా, ఇళ్ల మధ్య ఒక చిన్న పార్కు వచ్చింది. నాలుగైదు చెట్లే. చెట్ల మీద రామచిలుకలు కీచుకీచుమంటున్నాయి. లండన్ పడమటి వైపు పార్కుల్లో అవి గుంపులుగా ఉంటాయి. మామ్మగారు చిలకల కోసం తల ఎత్తారు. ఎత్తిన తల కిందికి దించి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

నీలం పట్టా. దాని పక్కన జతగా బూట్లు. ఒక జత కాదు, రెండు జతలు.

తెల్ల టోపీ ఆవిడ పక్కన, గుండ్రటి కళ్లద్దాలతో ఒక పెద్దాయన బాసింపట్టు వేసుకుని కూర్చుని థర్మాసు ఫ్లాస్కులోంచి టీ వంచుకుంటున్నాడు. మామ్మగారు దగ్గరికి వెళ్లలేదు. దూరంగా నిలబడిపోయారు. ఆవిడ చూసింది. చూసి తను కూడా కదల్లేదు. ఆయన ఆవిడ ముఖం చూసి, మా ఇద్దరినీ చూసి, లేచి నిలబడి ఇంగ్లీషులో, "మీరు హారో నుంచి వచ్చారా?" అని నన్ను అడిగాడు.

అవునన్నాను. ఆయన ఆవిడ భర్తనని చెప్పుకున్నాడు.

నేను మామ్మగారి చెవిలో చెప్పాను. మామ్మగారు నోరు తెరిచి ఆయన వైపు చూశారు.

"బతికే ఉన్నాడా!"

"ఉష్, మామ్మగారూ!"

"మరి పైకి చూపించిందేమిటే?"

ఇది అడక్క తప్పలేదు. ఆయన భార్యను అడిగి, నాకు చెప్పాడు. ఆయన విమానాల మరమ్మతు చేసే ఇంజనీరు. ఉద్యోగం హీత్రూలో, కానీ ఏడాదిలో చాలా నెలలు జపానులో పని. ఆ రెండేళ్లూ పూత కాలంలో ఇంట్లో లేడు. ఆ రోజు వేలు పైకెత్తి ఆవిడ చెప్పింది, మా ఆయన విమానంలో వెళ్లాడని. ఇప్పుడు రిటైరయ్యాడు.

నేను తెలుగులో చెప్పేసరికి మామ్మగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని పట్టా అంచు మీద కూలబడ్డారు. బూట్లు విప్పడం కూడా మరిచిపోయారు. "చెప్పు, ఆయనకి చెప్పు. రెండేళ్లపాటు ఆయన్ని చంపేసి కూర్చున్నానని చెప్పు."

చెప్పకూడదనుకున్నాను. ఆవిడ వదల్లేదు. చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, భార్యకు చెప్పాడు. ఆవిడ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది కూడా.

అసలు సంగతి ఆయన చెప్పాడు. చెర్రీ కొమ్మ విరిస్తే ఆ గాయం దగ్గర చెట్టు కుళ్లుతుందట. చిన్నప్పట్నుంచీ కొమ్మ ముట్టుకోకూడదని పెంచుతారట. తన తల్లో పెట్టడానికని చెట్టుకు దెబ్బ తగిలేసరికి ఆవిడకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంటికి వెళ్లాక, అంత ప్రేమగా పువ్వు పెట్టిన మనిషిని మాటైనా చెప్పకుండా వదిలి వచ్చేశానే అని కుమిలిపోయింది. మళ్లీ ముఖం చూపించడానికి సిగ్గేసి హారో రావడం మానేసింది.

"ఇద్దరం ఇద్దరమే," అన్నారు మామ్మగారు నేను చెప్పింది విని. తర్వాత అటు తిరిగి, చెట్టు వైపు చేతులు జోడించారు. "నాకు తెలియదు తల్లీ. మా మామిడి ఎంత విరిచినా చిగురేసేది."

అప్పుడు ఆవిడ భర్తతో ఏదో మెల్లగా అంది. ఆయన నన్ను అడిగాడు. "ఆ రోజు మీ పెద్దావిడ పువ్వు ఎందుకు పెట్టారో నా భార్య తెలుసుకోవాలనుకుంటోంది."

నేను మామ్మగారి వైపు చూశాను. చెప్పమన్నట్టు తల ఊపారు. మా వైపు ఆడవాళ్లు జడలో పూలు పెట్టుకుంటారని, భర్త పోయినవాళ్లు మానేస్తారని, ఆవిడ కూడా అలాంటిదే అనుకుని, ఇద్దరూ కలిసి పెట్టుకోవచ్చని మామ్మగారు ఆశపడ్డారని చెప్పాను. ఇంగ్లీషులో చెబుతుంటే ఆ మాటలు మరీ పొట్టిగా, పొడిగా వినిపించాయి. ఆయన వాటిని చాలాసేపు తీసుకుని భార్యకు చెప్పాడు.

ఆవిడ విని, లేచింది. మేజోళ్లతోనే గడ్డిలోకి నడిచింది. పైన చిలకలు పూలను కాడతో సహా కొరికి, తేనె పీల్చుకుని కింద పడేస్తున్నాయి. చెట్టు కింద ఎన్నో పడి ఉన్నాయి. ఆవిడ వంగి వంగి వెతికి, నలగని గుత్తి ఒకటి ఏరి తెచ్చింది. మామ్మగారి తల్లో పెట్టలేదు. అరచేతిలో పెట్టి, ముందుకు చాపి, అలాగే ఆగింది.

మామ్మగారు ఆ పువ్వును చూశారు. వేలితో కాడ తాకారు. ఎక్కడ కొరికిందో చూశారు. తర్వాత చుట్టూ చూశారు.

"ఎవరైనా ఉన్నారా అమ్మాయ్?"

దూరంగా ఒక గుజరాతీ కుటుంబం పిల్లలతో బంతాడుతోంది. "ఉన్నారండీ, కానీ మనల్ని చూడట్లేదు."

"చూస్తే ఏమవుతుందంటావ్?"

మామ్మగారు మఫ్లరు విప్పారు. పట్టా మీద సర్దుకుని, జడ వేయించుకునే చిన్నపిల్ల కూర్చున్నట్టు ఆవిడకు వీపు చేసి కూర్చున్నారు. ఆవిడ మోకాళ్ల మీద నిలబడి, ముడిలోంచి పిన్ను ఒకటి తీసి, పువ్వు పెట్టి, పిన్ను మళ్లీ గుచ్చింది. మామ్మగారు కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ వేరే చెట్టు వైపు చూడసాగాడు.

తిరుగు బస్సులో మామ్మగారు మఫ్లరు కట్టుకోలేదు. చలిగా ఉందన్నా వినలేదు. తల వెనక్కి ఆనించకుండా, నిటారుగా కూర్చున్నారు. దారిపొడుగునా ప్రశ్నలే. జపానులో కాయ కాసే రకం ఉందేమో ఆయన్ని అడగాల్సింది. చిలకలు ఈ దేశానికి ఎలా వచ్చాయంటావ్. ఆ విమానాల ఆయనకి మాగాయ పడుతుందంటావా. వచ్చే ఆదివారం రెండు గిన్నెలు తేవాలి.

ఇంటి ముందు దిగేసరికి వెలుతురు ఇంకా ఉంది. నా దగ్గర తాళం చెవి ఉంది. తియ్యబోతే మామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"బెల్లు కొట్టు," అన్నారు.

కొట్టాను. కొడుకు తలుపు తీశాడు. "దొరికిందా అమ్మా ఆవిడ?" అని అడగబోయి, ఆమె తల వెనక గులాబీ రంగు చూసి మధ్యలో ఆగిపోయాడు.

"దొరికిందిరా. మొగుడు కూడా దొరికాడు," అన్నారు మామ్మగారు, గడప దాటి బూట్లు విప్పుతూ.

మనవరాలు మెట్ల మీదనుంచి పరిగెత్తుకొచ్చింది. నానమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. "నానమ్మా, ఈజ్ దట్ రియల్?"

"రియలే. ముట్టుకుని చూడు," అని మామ్మగారు గోడ పట్టుకుని, ఆ పిల్ల చెయ్యి అందేదాకా తల వంచారు. కొడుకు తలుపు వెయ్యడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.